మనాలి వెళ్లే ముందు స్నో చైన్లు హైదరాబాద్‌లోనే వేయడం నేర్చుకోండి

కొంపల్లి దాటి ఎన్‌హెచ్ 44 ఎక్కితే నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా అదే రోడ్డు ఢిల్లీ దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి మనాలి ఇంకో ఐదు వందల కిలోమీటర్ల పైచిలుకు. 2020 అక్టోబరులో మనాలి అవతల రోహ్‌తాంగ్ కనుమ కింద అటల్ టన్నెల్ తెరిచాక చలికాలంలో కూడా అవతలి లాహోల్ లోయ వైపు, సిస్సు అనే ఊరి దాకా కార్లు వెళ్తున్నాయి. మన వైపు నుంచి సొంత కారులో వెళ్లేవాళ్లూ పెరిగారు. వాళ్లలో చాలామంది స్నో చైన్లు, అంటే మంచులో జారకుండా టైర్లకి చుట్టే ఇనుప గొలుసులు, కొంటారు కానీ డబ్బా సీలు కూడా తీయకుండా డిక్కీలో పడేస్తారు. "అక్కడికి వెళ్లాక చూసుకుందాంలే" అనుకుంటారు.

దయచేసి అలా చేయకండి. చైన్ వేయడం కష్టమైన పనేమీ కాదు. కానీ మంచు పడుతూ, వేళ్లు మొద్దుబారి, వెనక వరుసగా బళ్లు హారన్ కొడుతుంటే మొదటిసారి నేర్చుకోగలిగే పని కూడా కాదు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వెలుతురులో, పొడి నేల మీద, ఎవరూ తొందరపెట్టనప్పుడు చేతికి అలవాటు చేసుకోవాలి. ఒక ఆదివారం పొద్దున సరిపోతుంది.

చైన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

మన దగ్గర అమ్మే టైర్ల రబ్బరు ఎండకి తగ్గట్టు చేసింది. బాగా చలిలో అది గట్టిపడి పట్టు కోల్పోతుంది. దానికి తోడు టైరు గాడుల్లో మంచు నిండిపోయి, టైరు నున్నగా తయారవుతుంది. చుట్టూ ఇనుప లంకెలు ఉంటే బండి బరువుకి అవి మంచులోకి దిగి పట్టుకుంటాయి. ఆలోచన పాతదే. అమెరికాలో హ్యారీ వీడ్ అనే ఆయన 1904లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి డ్రైవర్లు బురదలో జారకుండా చక్రాలకి తాళ్లు చుట్టేవారట.

కానీ చైన్ వేశాం కదా అని బ్రేకు పొడి రోడ్డు మీద పడినట్టు పడదు. రోడ్డు మీద నీళ్లు గడ్డకట్టి అద్దంలా ఉన్నచోట చైన్ ఉన్నా జారుతుంది. కాస్త పట్టు దొరుకుతుంది, అంతే. ఈ మాట కారులో కూర్చునే ఇంట్లోవాళ్లందరికీ ముందే చెప్పి ఉంచండి. మధ్యలో వెనక్కి తిరగాల్సి వస్తే ఎవరూ నొచ్చుకోరు.

ఏ చక్రాలకి వేయాలి

ఇంజిన్ ఏ చక్రాల్ని తిప్పుతుందో వాటికి. స్విఫ్ట్, బాలెనో, క్రెటా, ఎర్టిగా లాంటివి ముందు చక్రాలతో లాగుతాయి కాబట్టి చైన్లు ముందు. బొలెరో, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాలతో నెట్టేవి కాబట్టి వెనక. ఇన్నోవా అని పేరు ఉంది కదా అని హైక్రాస్‌కి కూడా వెనక వేస్తే పొరపాటే, అది ముందు చక్రాల బండి. 4x4 అయితే, అంటే ఇంజిన్ నాలుగు చక్రాల్నీ తిప్పే బండి అయితే, నాలుగింటికీ వేయడం మేలు. ఒక జతే ఉంటే ఏ చక్రాలకో మీ ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, ఇంటర్నెట్‌లో విన్న మాట కన్నా దాన్నే నమ్మండి.

ఎప్పుడూ జతగానే వేయాలి. ఒక పక్క చైన్ ఉండి ఇంకో పక్క లేకపోతే బండి ఒకవైపు లాగేస్తుంది, బ్రేకు వేసినప్పుడు మరీను.

మాన్యువల్ తెరిచినప్పుడు ఇంకోటి కూడా చూడండి. కొన్ని కార్ల పెద్ద అల్లాయ్ వీల్ మోడళ్లకి చైన్లు వేయకూడదనే రాసి ఉంటుంది. టైరుకీ లోపలి భాగాలకీ మధ్య చోటు చాలక అలా రాస్తారు. మీ కారు గురించి అలా ఉంటే గుడ్డతో చేసిన స్నో సాక్స్ పనికొస్తాయేమో చూసుకోండి, లేదా మనాలిలో స్థానిక టాక్సీ మాట్లాడుకోండి. చైన్ తెగి బ్రేకు పైపుకి తగిలితే కొండ మీద మీ చేతుల్లో ఏమీ ఉండదు.

సైజు, సందు

టైరు పక్కన 205/65 R16 లాంటి నంబరు ఉంటుంది. 205 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, 16 అంటే రిమ్ము అంగుళాల్లో. చైన్ డబ్బా మీద ఆ నంబరు అచ్చంగా ఉండాలి. "ఇంచుమించు సరిపోతుంది" అని షాపువాళ్లు అంటే కొనకండి. షోరూం నుంచి బండితో వచ్చిన టైర్లు తీసేసి వెడల్పు టైర్లు వేయించుకున్నవాళ్లు డాక్యుమెంట్లలో ఉన్నది కాదు, ఇప్పుడు బండికి ఉన్న నంబరు చూడాలి.

తర్వాత సందు చూడండి. చక్రం పక్కన కూర్చుని టైరు వెనక చెయ్యి పోనిచ్చి తడమండి. షాక్ అబ్జార్బర్ రాడ్డు, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు తగులుతాయి. టైరు గోడకీ వాటికీ మధ్య మీ వేలు ఇరుకు లేకుండా తిరగాలి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చూడండి, సందు మారుతుంది. కార్లకి వాడే చైన్లు 9 మిల్లీమీటర్లవి, 12 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. సందు తక్కువ ఉన్న చిన్న కార్లకి 9 నయం. పెద్ద 4x4 బళ్లకి 16 మిల్లీమీటర్లవి కూడా ఉంటాయి.

రకాల విషయానికొస్తే, నిచ్చెన మెట్లలా అడ్డంగా మాత్రమే గొలుసులు ఉన్నవి ఒక రకం, వజ్రాల గళ్లలా అల్లినవి ఇంకో రకం. నేను గళ్లవే తీసుకోమంటాను. ఎప్పుడూ ఏదో ఒక లంకె నేలకి తగిలే ఉంటుంది కాబట్టి మలుపులో పక్కకి జారడం తగ్గుతుంది, స్టీరింగ్ కూడా తక్కువ అదురుతుంది. ప్లాస్టిక్ పట్టీల్లాంటివి, ఒక్కోటి విడిగా బిగించేవి చవగ్గా దొరుకుతున్నాయి. బురదలో ఇరుక్కున్న బండిని బయటికి లాగడానికి సరే కానీ, వాటిని నమ్ముకుని ఘాట్ ఎక్కొద్దు.

రాణిగంజ్‌లో దొరకని ఇనుప సామాను లేదు, నిజమే. అలా అని మామూలు గొలుసు కొలత ప్రకారం కోయించి వెల్డింగ్ చేయించుకోవాలని చూడొద్దు. స్నో చైన్ లంకెల ఉక్కు అరుగుదల తట్టుకునేలా ప్రత్యేకంగా గట్టిపరిచి ఉంటుంది. పైగా చక్రంతో పాటు తిరిగే గొలుసులో ఒక్క వెల్డు ఊడితే ఆ కొస కొరడాలా బాడీని కొడుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అరచేతికి రబ్బరు పూత ఉన్న గ్లౌజులు, ఉన్ని గ్లౌజులు అయితే తడిసిపోతాయి. తలకి కట్టుకునే టార్చి. మెరిసే జాకెట్, వెనక వచ్చే బళ్లకి హెచ్చరికగా రోడ్డు మీద పెట్టే ట్రయాంగిల్. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత ఫ్లెక్సీ ముక్క, దీనికి మించినది లేదు, తడవదు, మడిస్తే చోటు పట్టదు. ఒక కటింగ్ ప్లయర్, చిన్న పార, రెండు చెక్క దిమ్మలు, తడి చైన్లు వేసుకోవడానికి మందమైన సంచి. జాకీ అక్కర్లేదు. మంచు మీద జాకీ వేయడం ప్రమాదం కూడా.

సెల్లార్‌లో సాధన

బండిని చదునైన చోట, చుట్టూ మనిషి కూర్చునేంత ఖాళీ ఉండేలా పెట్టండి. చక్రాలు నేరుగా ఉంచండి. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఇంజిన్ ఆపండి. ఆటోమేటిక్ అయితే పి. ఇక్కడ చెప్పేది కార్లకి ఎక్కువగా వచ్చే రకం గురించి, అంటే లోపలి వైపు వంగే కేబుల్ రింగు, బయటి వైపు గొలుసు ఉండేది.

ముందు చైన్ మొత్తం నేల మీద పరిచి చిక్కులు తీయండి. జడ అల్లే ముందు జుట్టు దువ్వినట్టు ఓపిగ్గా ప్రతి వరుసా చేత్తో సవరించాలి. ఎక్కడైనా లంకె మెలి తిరిగి ఉంటే ఇప్పుడే సరిచేయండి. చక్రానికి ఎక్కాక మెలి పోదు, అక్కడే టైరు కోసుకుపోతుంది. కొండీల తెరిచి ఉన్న వైపు టైరుకి తగలకుండా బయటికి చూడాలి. రంగు వేసిన భాగాలు ఏవి, ఏ రంగు దేనికి అన్నది డబ్బాలోని కాగితం చూసి గుర్తుపెట్టుకోండి. కంపెనీని బట్టి రంగులు మారతాయి.

ఇప్పుడు కేబుల్ రింగుని విప్పి, ఒక కొసని చక్రం వెనక నుంచి అవతలికి పోనివ్వండి. కిందుగా, నేలకి ఆనించి తోస్తే సులువుగా వెళ్తుంది. రెండు కొసల్నీ టైరు పైభాగానికి తెచ్చి ఒకదానికొకటి తగిలించండి. ఈ పని చాలావరకు కంటికి కనబడదు, చేతి తడుముడు మీదే జరుగుతుంది. అందుకే దీన్ని మళ్లీ మళ్లీ చేయాలి. కళ్లు మూసుకుని కొండీ తగిలించగలిగితే చీకట్లో కూడా చేయగలరు. చేతికి గ్లౌజులు వేసుకునే చేయండి. ఉత్త చేతులతో వచ్చిన పని గ్లౌజులతో వెంటనే రాదు.

తగిలించిన రింగుని టైరు మీదుగా వెనక్కి తోసేయండి. అది లోపలి గోడ చుట్టూ గుండ్రంగా, అన్ని వైపులా ఒకే ఎత్తులో కూర్చోవాలి. ఒకచోట టైరు పళ్ల మీదే ఉండిపోతే తర్వాత ఎంత లాగినా చైన్ బిగియదు. చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే. కాబట్టి టార్చి వేసి వెనక్కి తొంగి చూడండి.

తర్వాత బయటి వైపు. గొలుసు గళ్లని టైరు మీద సమంగా సర్ది, పైన ఉన్న రంగు కొండీ తగిలించండి. ఇక మిగిలింది బిగింపు గొలుసు. దాని కొసని తాళంలాంటి చిన్న బిళ్లలోంచి పోనిచ్చి గట్టిగా లాగండి. లాగుతూనే రెండో చేత్తో టైరు చుట్టూ గళ్లని సర్దుతుంటే లోపలి వదులు బయటికి వస్తుంది. లాగగలిగినంత లాగాక మిగిలిన కొసని పక్క గొలుసుకి తగిలించేయండి. కొస వేలాడకూడదు.

టైరు అడుగు భాగం నేలకి ఆని ఉంటుంది కాబట్టి అక్కడి గొలుసు మొదటిసారే కూర్చోదు. బండిని ఒక చక్రం చుట్టంత ముందుకి జరిపి, దిగి, మళ్లీ లాగి బిగించండి. ఇది ఐచ్ఛికం కాదు, చైన్ వేయడంలో భాగమే. చైన్ బాగా పట్టాలని టైర్లలో గాలి తీయడం మాత్రం వద్దు. ఆ గాలితో నడిస్తే చైన్ వదులై జారిపోతుంది.

నిచ్చెన రకం కొన్నవాళ్లకి పద్ధతి కొంచెం వేరు. చైన్‌ని చక్రం ముందు నేల మీద పరిచి, బండిని మెల్లగా దాని మీదికి ఎక్కించి, రెండు కొసల్నీ పైకి తెచ్చి ముందు లోపలి కొండీ, తర్వాత బయటి కొండీ పెట్టాలి. బండి జరపడానికి ఒకరు, చైన్ చూడటానికి ఒకరు ఉండాలి. ముందే ఎవరు ఏం చెప్పాలో మాట్లాడుకోండి. చక్రం దగ్గర చెయ్యి ఉన్నప్పుడు డ్రైవరు క్లచ్ వదలకూడదు, అంత ముఖ్యం.

సెల్లార్ కాంక్రీటు మీద తిప్పొద్దు, చైనూ పాడవుతుంది, నేలా పాడవుతుంది. శామీర్‌పేట వైపో, షాద్‌నగర్ వైపో ఇంకా తారు వేయని వెంచర్లు చాలా ఉన్నాయి. అడిగి ఆ మట్టి రోడ్డు మీద నెమ్మదిగా కొద్ది దూరం నడపండి. ఆగి చూడండి. సగం స్టీరింగ్ తిప్పి, పూర్తిగా తిప్పి వినండి. ఒకే లయలో గరగరమనే చప్పుడు మామూలే. టపటపమని కొడుతుంటే ఎక్కడో వదులుంది, లేదా లోపల ఏదో తగులుతోంది. వీల్ ఆర్చ్ లోపల కొత్త గీతలు కనబడితే ఆ చైన్ మీ బండికి కాదు. ఈ విషయం ఇక్కడ తెలిస్తే షాపులో మార్చుకోవచ్చు.

ఇంట్లో బండి నడిపే ఇంకొకరు ఉంటే వాళ్లతో కూడా ఒకసారి వేయించండి.

బయలుదేరే ముందు

కూలెంట్ చూపించండి. మన దగ్గర ఎండాకాలంలో తగ్గిన చోట మామూలు నీళ్లు కలిపేయడం అలవాటు. ఆ నీళ్లు గడ్డకడితే ఇంజిన్‌కే ముప్పు. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ ఉంటే మైనస్ ముప్పై దాటినా తట్టుకుంటుంది. వైపర్ ట్యాంకులో నీళ్లు మార్చి చలికి గడ్డకట్టని ద్రవం పోయించండి. బ్యాటరీ పాతదైతే మార్చేయండి.

డీజిల్ బండి అయితే దారిలో కింద మైదానంలో పోయించిన డీజిల్ అక్కడికి చేరేసరికి దాదాపు అయిపోయేలా చూసుకుని, కొండ ప్రాంతంలో నింపండి. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చిందంటే అక్కడి చలి అర్థం చేసుకోవచ్చు. టైరు గాలి చలికి తగ్గుతుంది, ఎత్తుకి వెళ్తే గేజ్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడ కూర్చుని లెక్క వేయడం కన్నా మనాలిలో పొద్దున్నే బండి కదిలించకముందు చూసి కంపెనీ చెప్పినంత పట్టించడం నయం.

అక్కడ, రోడ్డు మీద

మంచు పడ్డ రోజుల్లో మనాలి నుంచి సోలాంగ్, టన్నెల్ వైపు 4x4 బళ్లనీ చైన్ వేసిన బళ్లనీ మాత్రమే పోలీసులు వదులుతారు. ఒక్కోసారి వాటినీ ఆపేస్తారు. ఆపితే వాదించకండి. ముందు ఏం జరిగిందో వాళ్లకి తెలుసు. దారిలో చైన్లు అద్దెకిచ్చి వేసిపెట్టేవాళ్లు కూడా ఉంటారు. వాళ్ల దగ్గర తీసుకున్నా సైజు, కొండీల వైపు, లోపలి రింగు మీరే చూసుకోండి. ఇంటి దగ్గర చేసిన సాధన ఇక్కడా పనికొస్తుంది.

చైన్ ఎప్పుడు వేయాలి? జారాక కాదు. రోడ్డు తెల్లబడటం మొదలై, ఇంకా చదునుగా ఉన్నప్పుడే. ఎక్కుడులో ఇరుక్కున్నాక చక్రం చుట్టూ చోటు ఉండదు, బండి జారే భయం ఉంటుంది. మలుపు దగ్గర, వాలులో ఆపకండి. వెనక వచ్చే బండి కూడా జారుతుందని గుర్తుంచుకోండి. హజార్డ్ లైట్లు వేసి, జాకెట్ తొడుక్కుని, ట్రయాంగిల్ దూరంగా పెట్టి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి పని మొదలుపెట్టండి. పిల్లల్ని రోడ్డు మీద దింపొద్దు. వేశాక ఓ యాభై, వంద మీటర్లు వెళ్లి ఆగి మళ్లీ బిగించండి.

అటల్ టన్నెల్ 9.02 కిలోమీటర్లు. లోపల బండి ఆపకూడదు, చైన్ సరిచేసుకోవడం కుదరదు. కాబట్టి టన్నెల్ రాకముందే చోటు చూసి ఆగండి. అక్కడిదాకా రోడ్డు శుభ్రంగా ఉంటే తీసేయండి, మంచు ఉంటే బిగింపు చూసుకుని, పొడి రోడ్డు మీద చైన్ అరగకుండా లోపల నెమ్మదిగా వెళ్లండి.

నడపడం గురించి. ఎక్కువ మాన్యువల్స్ గంటకి 50 కిలోమీటర్లు దాటొద్దంటాయి. ఘాట్‌లో ముప్పై కూడా ఎక్కువే అనుకోండి. కదిలేటప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు చాలా తేలిగ్గా పెట్టండి, జారుతుంటే రెండో గేరులో కదిలించి చూడండి. చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగితే ఎంత మంచి చైనైనా తెగుతుంది. అసలు కదలకపోతే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే ఇంజిన్ జోరు తగ్గించే ఏర్పాటు) తాత్కాలికంగా ఆపవచ్చో లేదో మాన్యువల్ ఏం చెబితే అది చేయండి, కదిలాక మళ్లీ వేయండి.

దిగుడే అసలు పరీక్ష. మొదటి లేదా రెండో గేరులో ఇంజిన్ పట్టు మీద దిగాలి, బ్రేకు కొద్దికొద్దిగా తాకాలి. ముందు చక్రాలకి మాత్రమే చైన్లు ఉన్న కారులో బ్రేకు గట్టిగా కొడితే ముందు భాగం ఆగి, పట్టులేని వెనక భాగం పక్కకి తిరిగి వచ్చేస్తుంది. మన కార్లలో ఎక్కువ ఇలాంటివే కాబట్టి దీన్ని మాత్రం మర్చిపోకండి. మలుపులోకి వెళ్లే ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు.

రాత్రి బండి పెట్టేటప్పుడు హ్యాండ్‌బ్రేకు గడ్డకట్టి పట్టేసే అవకాశం ఉంది. చదునైన చోట గేరులో ఉంచి దిమ్మలు పెడితే ఆ ఇబ్బంది రాదు.

తీయడం, దాచడం

తారు కనబడగానే తీసేయండి. పొడి రోడ్డు మీద చైన్ తొందరగా అరుగుతుంది, టైరునీ తింటుంది, పట్టు కూడా తగ్గుతుంది. తీయడం వేయడానికి తలకిందులు. కొస విప్పి, బిగింపు వదిలి, బయటి కొండీ, తర్వాత లోపలి రింగు. రింగు విడిపోయాక గొలుసు అంతా నేల మీద పడుతుంది. చక్రం దాని మీద ఉంటే లాక్కుని గింజుకోకండి, బండిని కొంచెం జరిపి తీయండి. తీసిన వెంటనే టైరు గోడలు ఓసారి చూడండి.

హైదరాబాద్ వచ్చాక మంచినీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, పల్చగా నూనె రాసి సంచిలో పెట్టండి. తడిగా మూట కడితే వర్షాకాలం దాటేసరికి తుప్పు పట్టి కొండీలు బిగుసుకుపోతాయి. దాచే ముందు లంకెలన్నీ చేత్తో తడిమి చూడండి. ఏదైనా సగం మందానికి అరిగి ఉంటే ఆ చైన్ని మళ్లీ కొండ మీదికి తీసుకెళ్లకండి. డబ్బాలోని కాగితాన్ని కూడా ప్లాస్టిక్ కవరులో వేసి అదే సంచిలో పెట్టండి.